నెమలి రంగు చీర నీలమా, ఆకుపచ్చా? నూలుకు రంగేసి బతికినవాడి జవాబు

అమ్మా, మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్తా, తర్వాత చదివేవాళ్లకు కూడా సంగతేందో తెలియాలి కదా. ఒంగోలు నుంచి నెల్లూరు వచ్చి, ట్రంకు రోడ్డులో రాత్రి ఎనిమిదింటప్పుడు చెల్లెలి పెళ్లికని నెమలి రంగు పట్టుచీర తీసుకున్నారు. చీరలో వచ్చిన బ్లౌజు ముక్క చాలదని పక్కనే ఉన్న మ్యాచింగ్ సెంటర్లో వేరే ముక్క కోయించుకున్నారు. అక్కడ చీర మీద పెట్టి చూస్తే అచ్చుగుద్దినట్టు కలిసిపోయింది. పొద్దున ఇంటి వసారాలో విప్పి చూస్తే చీరది ఒక దారి, బ్లౌజుది ఇంకో దారి. ఇది చాలదన్నట్టు చీరను మీ ఆయన ఆకుపచ్చ అంటారు, మీ అమ్మగారు నీలం అంటారు. షాపువాడు మోసం చేశాడా, ఆ చీర అసలు రంగు ఏది, రంగులకు నానోమీటర్ల లెక్క ఉంటుందంటారు కదా, దాంతో తేల్చలేమా అని అడిగారు.

నేను పాటూరోణ్ణి, కోవూరు పక్కన. నాన్న నూలుకు రంగులు వేసేవాడు. నేను నెల్లూరులో బీఎస్సీ ఫిజిక్సు చదివి, ఉద్యోగం రాక గమ్మున వచ్చి అదే తొట్టి దగ్గర కూర్చున్నా. ముప్పై ఏళ్లకు పైగా ఆ పనే చేశా. కాలేజీలో చదివిన స్పెక్ట్రం ఏందో నాకు నిజంగా అర్థమైంది క్లాసులో కాదు, ఒకసారి నా చిలపలు (రంగేసిన నూలు కట్టలు) మొత్తం తిరిగొచ్చినప్పుడు. ఆ కథ తర్వాత చెప్తా.

ముందు మోసం సంగతి. ఎవరూ మోసం చెయ్యలేదు. రాత్రి షాపులో కలిసిందీ నిజమే, పొద్దున వసారాలో కలవనిదీ నిజమే. చీరకు "అసలు రంగు" అని ఒకటి దాని లోపల దాక్కుని ఉండదు. దాని మీద పడే వెలుతురు, ఆ వెలుతురులో చీర మింగేసేదెంత, తిప్పి పంపేదెంత, వచ్చినదాన్ని మన కన్నూ బుర్రా ఏం చేసుకుంటాయి, ఈ మూడూ కలిస్తేనే రంగు. మూడింట్లో ఏది మారినా రంగు మారుద్ది. చీరకు సొంతమైంది మధ్యలోది ఒక్కటే, ఏ కాంతిని ఎంత మింగుతాదనే గుణం.

ఇప్పుడు నానోమీటర్లు, అంటే కాంతి అల పొడవును చెప్పే కొలత, మిల్లీమీటరులో పది లక్షల వంతు. మన కంటికి కనిపించే కాంతి సుమారు 380 నుంచి 750 నానోమీటర్ల దాకా ఉంటుంది. ఊదా చివర 380 వైపు, ఎరుపు చివర 750 వైపు. అటూ ఇటూ గోడలేమీ లేవు, కాంతి అలానే కొనసాగుతుంది, మనకే కనపడదు. 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త పట్టకంతో విడగొట్టిన రంగుల మీద థర్మామీటర్లు పెట్టి చూస్తూ, ఎరుపు దాటిన తర్వాత ఏమీ కనపడని చోట కూడా వేడి ఎక్కడం గమనించాడు. అది ఇన్‌ఫ్రారెడ్. మరుసటి ఏడే రిట్టర్ అనే ఆయన రెండో చివర, ఊదా దాటిన చోట అల్ట్రావయొలెట్ కనిపెట్టాడు. ఇక ఏడు రంగులంటారా, అది న్యూటన్ పెట్టిన లెక్క. ఇంద్రధనుస్సులో గీతలు గీసి ఉండవు, ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోతూ పోతాయి. సంగీతంలో ఏడు స్వరాలున్నాయి కాబట్టి రంగులూ ఏడు ఉంటే బాగుంటుందని ఆయన అనుకున్నాడు, అందుకే నీలానికీ ఊదాకూ మధ్య ఇండిగోను ఇరికించాడు. స్కూల్లో ఆ ఇండిగో ఎక్కడుందని అడిగి దెబ్బలు తిన్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా, అది కనపడకపోతే తప్పు మీ కంటిది కాదు. అదే న్యూటన్ 1704లో అచ్చయిన తన పుస్తకంలో కిరణాలకు రంగు లేదని కూడా స్పష్టంగా రాశాడు. ఫలానా రంగును మనకు అనిపించేలా చేసే గుణం మాత్రమే వాటికుంది అన్నాడు. ఏడు రంగులు అందరికీ గుర్తున్నాయి, ఈ మాట ఎవరికీ గుర్తులేదు.

కంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే మీ బ్లౌజు గొడవ సగం తీరిపోతుంది కాబట్టి ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. కంటి వెనక రెటీనా అనే తెర మీద రెండు రకాల కణాలుంటాయి. దండ కణాలు సుమారు 12 కోట్లు, శంకు కణాలు సుమారు 60 లక్షలు. దండ కణాలు మసక వెలుతురులో పనిచేస్తాయి, వాటికి రంగు తెలీదు. పగటి పూట రంగులన్నీ శంకు కణాల చలవే. అవి మూడు రకాలు. ఒక రకం 430 నానోమీటర్ల దగ్గర బాగా స్పందిస్తుంది, ఒకటి 530 దగ్గర, ఇంకొకటి 560 దగ్గర. పుస్తకాల్లో వీటికి నీలం, ఆకుపచ్చ, ఎరుపు అని పేర్లు పెట్టేశారు కానీ అది తికమక పెట్టే పేరు, ఎందుకంటే 560 దగ్గరున్నది ఎరుపు కాదు, పసుపు కలిసిన ఆకుపచ్చ. పైగా రెండోదీ మూడోదీ దాదాపు ఒకదాని మీద ఒకటి కూర్చున్నట్టే ఉంటాయి. ఆ రెండింటి మధ్య చిన్న తేడాను పట్టుకునే మనం పండు మిరపకాయనూ పచ్చి మిరపకాయనూ వేరు చేస్తున్నాం.

అసలు విషయం ఏందంటే, ఒక్క శంకు కణానికి రంగు తెలీదు. నాకు ఇంత కాంతి తగిలింది అని మాత్రమే చెప్పగలదు, అది ఏ నానోమీటరుదో చెప్పలేదు. మూడు రకాల కణాలు చెప్పిన మూడు అంకెల్ని పోల్చి చూసుకుని బుర్ర రంగును తేలుస్తుంది. అంటే వెలుతురులో ఎన్ని వందల రకాల నానోమీటర్లు కలిసొచ్చినా, కన్ను దాన్నంతా మూడంకెల కింద కుదించేస్తుంది. ఇట్టా మూడు రకాలుంటే చాలునని థామస్ యంగ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1802లోనే ఊహించాడు, కణాలను ఎవరూ చూడకముందే.

కుదించడంలో ఎక్కడో ఒకచోట సమాచారం పోవాలి కదా. రెండు వేరువేరు కాంతులు ఒకే మూడంకెలిచ్చాయనుకోండి, కంటికి అవి రెండూ ఒకటే. మీ చేతిలో ఫోనే సాక్ష్యం. దాంట్లో నిమ్మపండు బొమ్మ పెట్టి, స్క్రీను మీద చిన్న నీటిబొట్టు వేసి, ఆ బొట్టులోంచి దగ్గరగా చూడండి. పసుపు ఎక్కడా ఉండదు. ఎర్ర చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు పక్కపక్కన వెలుగుతుంటాయి, అంతే. అసలైన పసుపు కాంతి 580 దగ్గర ఉంటుంది, మీ ఫోను ఆ కాంతిని దాదాపు పుట్టించనే లేదు, కానీ మీ శంకు కణాలకు తేడా తెలీదు. ఫోన్లూ టీవీలూ మొత్తం ఈ ఒక్క లోపం మీద బతుకుతున్నాయి.

ఇంకోటి. మీ చీరల షాపులో ఎప్పుడూ అమ్ముడుపోయే రాణి రంగు ఉంది చూశారా, అది ఇంద్రధనుస్సులో ఉండదు. ఏ నానోమీటరు దగ్గరా లేదు. ఎరుపు చివరి కాంతీ నీలం వైపు కాంతీ కలిసి తగిలి, మధ్యలో ఆకుపచ్చ రాకపోతే బుర్ర కట్టుకునే రంగు అది. నానోమీటర్లతో తేల్చలేమా అన్నారు కాబట్టి చెప్తున్నా, రాణి రంగు చీర పట్టుకెళ్లి దీని నానోమీటరు ఎంత అని అడిగితే జవాబే లేదు. మెరూను, గంధం, ఉల్లిపొర, కాఫీపొడి, ఇవి కూడా అంతే. కాఫీపొడి రంగంటే మసక నారింజ, పక్కన దానికంటే వెలుగైనది ఉంటేనే అది కాఫీపొడి. చీకటి గదిలో ఒక్క కాఫీపొడి రంగు దీపం వెలిగించమనండి ఎవరినైనా, కుదరదు.

సరే, ఇక మీ బ్లౌజు. చీర పట్టు, ఆ రంగు ఒక రసాయనం. బ్లౌజు ముక్క పాలిస్టరు కలిసిన గుడ్డ అయి ఉంటుంది, దానికి వాడే రంగుల జాతే వేరు. రెండూ చూడ్డానికి నెమలి రంగే కానీ కాంతిని మింగే తీరు వేరు. ఒకటి 490 దగ్గర ఎక్కువ తిప్పి పంపుతాది, రెండోది 460 దగ్గర కొంచెం, 520 దగ్గర కొంచెం పంపుతాది అనుకోండి. ఒక లైటు కింద ఆ రెండూ కంటికి ఒకే మూడంకెలిస్తే కలిసిపోయినట్టు కనిపిస్తాయి, లైటు మారగానే అంకెలు మారి విడిపోతాయి. దీన్ని మెటామెరిజం అంటారు. మా పనిలో ఇంత పెద్ద పేరు లేదు, "లైటు మారితే ఎగ్గొట్టింది" అనేవాళ్లం.

మీ విషయంలో నెమలి రంగు కావడం ఇంకో దురదృష్టం. షాపుల్లో ఇప్పుడుండే తెల్ల ఎల్ఈడీ నిజంగా తెల్లగా పుట్టదు. లోపల నీలం చిప్పు ఉంటుంది, 450 నానోమీటర్ల దగ్గర. దాని మీద పసుపు పూత. నీలంలో కొంత ఆ పూతకు తగిలి పసుపుగా మారి బయటికొస్తుంది, మిగిలిన నీలం అట్టానే వస్తుంది, రెండూ కలిసి మనకు తెలుపు అనిపిస్తుంది. (ఆ నీలం చిప్పు చేసినందుకే 2014లో అకసాకి, అమనో, నకమురా అనే ముగ్గురికి ఫిజిక్సు నోబెల్ ఇచ్చారు.) కానీ నీలం పొడుపుకూ పసుపు గుట్టకూ మధ్య, 480 దగ్గర ఒక గుంట ఉంటుంది, అక్కడ కాంతి బాగా తక్కువ. నెమలి రంగు బతికేది సరిగ్గా ఆ గుంటలోనే. అంటే మీ చీర తన ప్రత్యేకతను చూపించుకోవాల్సిన చోట షాపులో కాంతే సరిగా లేదు. పొద్దున ఎండలో ఆ గుంట లేదు, చీర అసలు గుట్టు బయటపెట్టింది.

ఇప్పుడు నా కథ. అప్పట్లో ట్యూబులైట్లే. దసరా ముందు రోజులు, తీరిక లేదు, ఒక వ్యాపారి మెరూను శాంపిలు ఇచ్చి అదే షేడు కావాలన్నాడు. రాత్రి పదింటి దాకా కూర్చుని ట్యూబులైటు కింద శాంపిలుతో పోల్చుకుంటూ తొట్టి సరిచేసి చిలపలన్నీ ముంచేశా. ఆరేటప్పుడు కూడా బ్రహ్మాండంగా ఉంది అనుకున్నా. పొద్దున ఎండలో తీస్తే శాంపిలు మెరూను, నావి ఇటుకపొడి. వ్యాపారి తీసుకోలేదు, తప్పు ఆయనది కాదు కూడా. ఆ కాలపు ట్యూబుల్లో ముదురు ఎరుపు కాంతి చాలా తక్కువ, శాంపిలుకు వేసిన రంగు వేరు, నేను కలిపిన రంగులు వేరు, ఆ వెలుతురులో తేడా దాక్కుంది. నాన్న ఒక్క మాటే అన్నాడు, "రంగు చూసేది పొద్దున్నే, ఉత్తరం పక్క నీడలో" అని. ఆయన ఫిజిక్సు చదవలేదు. తర్వాత తెలిసింది, ప్రపంచమంతా రంగులు పోల్చేవాళ్లు ఉత్తరం కిటికీ వెలుతురే వాడేవారని, ఇప్పుడు ల్యాబుల్లో 6500 కెల్విన్ పగటి వెలుతురు దీపం కింద చూస్తారని. మనది భూమధ్యరేఖకు ఉత్తరాన కాబట్టి ఉత్తరం పక్కకు నేరుగా ఎండ కొట్టడం తక్కువ, ఆకాశపు వెలుతురు నిలకడగా ఉంటుంది.

తొట్టి మాటొచ్చింది కాబట్టి చిన్న సంగతి. నీలం చిలపను పసుపు తొట్టిలో ముంచితే ఆకుపచ్చ వస్తుంది, ఇది ప్రతి రంగులోడికీ తెలుసు. కానీ నీలం కాంతీ పసుపు కాంతీ కలిపితే తెలుపు వస్తుంది, పైన చెప్పిన ఎల్ఈడీ చేసేది అదే. రెండూ తేడా ఎందుకంటే రంగు ద్రవాలు కాంతిని కలపవు, మింగుతాయి. నీలం రంగు ఎరుపు వైపును మింగింది, పసుపు రంగు నీలం వైపును మింగింది, రెండూ వదిలిపెట్టింది ఆకుపచ్చ ఒక్కటే, అదే మనకు చిక్కింది. పంచెలకు నీలిమందు పెట్టడం కూడా ఈ మింగుడు వ్యవహారమే. పాతబడిన తెల్లబట్ట నీలాన్ని కొంచెం మింగి పసుపు తిరుగుతుంది, నీలిమందు ఆ మిగిలిన పసుపును కూడా కొంత మింగేస్తే బట్ట సమంగా అయి తెల్లగా అనిపిస్తుంది. నిజానికి వెలుతురు తగ్గింది. తెల్లబట్టలకు మెరుపు పెట్టే టినోపాల్ అట్టా కాదు, అది కనపడని అల్ట్రావయొలెట్‌ను పట్టుకుని నీలం కాంతిగా మార్చి బయటికి పంపుతుంది, అందుకే ఎండలో పంచె మిలమిల్లాడి పోతుంది, ఇంట్లో బల్బు కింద అంత ఉండదు.

బ్లౌజు ముక్కను చీర మీద పెట్టి చూశారు కదా, అది మంచిదే. విడిగా చూసి ఉంటే ఇంకా మోసపోయేవాళ్లు, పక్కన ఏ రంగు ఉందన్నదాన్ని బట్టి మధ్యలోది మారిపోతుంది. దీని మీద మా రంగులవాళ్లకు పూజ చేసుకోదగ్గ పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, షెవ్రెల్ అని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. పారిస్‌లో గోబెలిన్ అనే పేరున్న రాచరిక నేత కర్మాగారంలో రంగుల విభాగానికి 1824లో పెద్దగా వేశారు. అక్కడ ఆయనకొచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి, నల్లదారం బాగా నల్లగా లేదు, నీలం ఊదా బట్టల మధ్య వెలిసిపోయినట్టుంది అని. దారాన్ని వేరే ఊళ్ల నల్లదారాలతో పోల్చి చూశాడు. నలుపులో లోటేమీ లేదు. పక్కనున్న నీలం, ఊదా కంటిలో తమ ఎదురు రంగును నలుపు మీద రుద్దుతున్నాయని తేల్చాడు. 1839లో దాని మీద పెద్ద పుస్తకమే అచ్చేశాడు. నాకు మటుకు ఆ కథ చదివినప్పుడు నవ్వొచ్చింది, ఎందుకంటే "మీ నలుపు బాగాలేదు" అని నేను తిన్న తిట్లు లెక్కలేవు, నాకు ఈ జవాబు తెలియక ఇంకోసారి ముంచి పంపేవాణ్ణి.

ఎదురు రంగులంటే ఏందంటారేమో. శంకు కణాల మూడంకెలు బుర్రకు నేరుగా పోవు. దారిలోనే ఎరుపా ఆకుపచ్చా అని ఒక తూకం, నీలమా పసుపా అని ఇంకో తూకం, వెలుగెంత అని మూడోది, ఇట్టా మారతాయి. ఎరుపు ఆకుపచ్చ ఒకే తక్కెడ రెండు పళ్లాలు కాబట్టి ఒకేసారి రెండూ కిందికి దిగవు. నీలం కలిసిన ఆకుపచ్చను ఊహించగలరు, మీ చీర అదే. ఎరుపు కలిసిన ఆకుపచ్చను ఊహించండి చూద్దాం. షాపులో ఎర్రచీరలు ఇరవై వరసగా చూసి తల తిప్పి తెల్లగోడ వైపు చూస్తే పచ్చపచ్చగా తేలుతుంది కదా, అది ఎర్రపళ్లెం అలిసిపోయి తక్కెడ రెండో వైపు ఒరగడం. ఆ స్థితిలో మ్యాచింగ్ చూడకూడదు. నేను మధ్యమధ్యలో నా తెల్లపంచె వైపు చూసుకునేవాణ్ణి.

ఇక మీ ఆయనకూ అమ్మగారికీ తగాదా. దీంట్లో మూడు నాలుగు కారణాలు కలిసి ఉండొచ్చు.

మొదటిది చీరే. నెమలి రంగు పట్టులో చాలాసార్లు పడుగు (నిలువు పోగులు) ఒక రంగు, పేక (అడ్డం పోగులు) ఒక రంగు వేస్తారు, పడుగు నీలం పేక ఆకుపచ్చ అనుకోండి, కళ్లకు రెండూ కలిసి ఒక రంగే అనిపిస్తుంది, కానీ మడత తిరిగే చోట ఒకటి పైకి తేలుతుంది. మీ ఆయన నిలబడి చూశారు, అమ్మగారు కూర్చుని చూశారు, అంతమాత్రానికే తగాదా వచ్చేస్తుంది. గోరుతో అంచున ఒక పోగు పైకి లేపి చూడండి, అటొకటి ఇటొకటి. రెండూ ఒకే రంగయితే ఈ కారణం కొట్టెయ్యండి. అసలు నెమలి పింఛంలోనే నీలం రంగు పదార్థం లేదు తెలుసా, లోపల గోధుమ నలుపు పదార్థం తప్ప. దాని సన్నటి కట్టడం కాంతిని ఒక లెక్క ప్రకారం తిప్పి కొడుతుంది, అందుకే చూసే కోణం మారితే రంగు మారుతుంది. పింఛాన్ని మెత్తగా నూరితే వచ్చేది గోధుమ పొడి.

రెండోది వయసు. కంట్లో కటకం వయసుతో పసుపు తిరుగుతుంది, నీలం కాంతిని మింగడం మొదలుపెడుతుంది. బుర్ర సర్దుకుంటుంది కాబట్టి మనిషికి తెలియదు. నాకు పని నేర్పిన మా పెదనాన్న ఆఖరి రోజుల్లో నేవీబ్లూ చిలపకూ నల్ల చిలపకూ తేడా చెప్పలేకపోయేవాడు, మేం వెనక నవ్వుకునేవాళ్లం, తప్పే. శుక్లాల ఆపరేషన్ అయ్యి కట్టు విప్పిన రోజు గోడ వైపు చూసి "ఈ గోడకు నీలిమందు ఎవురు పెట్టార్రా" అన్నాడు. సున్నం గోడ అది, ఎప్పట్నుంచో అట్టానే ఉంది.

మూడోది మీ ఆయన కళ్లు కూడా చూపించుకోవచ్చు, ఊరికే కోపం తెచ్చుకోకుండా. రంగుల మధ్య తేడా తక్కువ తెలియడం మగవాళ్లలో ఎక్కువ, దానికి సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి, మగవాడికి అది ఒక్కటే కాబట్టి చెడితే అడ్డుపెట్టడానికి రెండోది లేదు. యూరప్ మగవాళ్లలో వందకు ఎనిమిది మంది దాకా ఉంటారని లెక్క, ఆడవాళ్లలో రెండు వందల మందికి ఒకరు. చాలామందికి తమకు ఉందనే తెలియదు. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కు కూడా ఇది ఉంది, 1794లో దాని మీద ఆయనే ప్రసంగం చేశాడు. తన కంట్లో ద్రవం నీలంగా ఉండి ఉంటుందని అనుకున్నాడు, చచ్చాక కోసి చూడమన్నాడు. 1844లో చూస్తే ద్రవం నిర్మలంగానే ఉంది. దాచిపెట్టిన ఆ కంటి ముక్కలోంచి 1995లో డీఎన్‌ఏ తీసి పరీక్షిస్తే, మధ్యరకం శంకు కణాలు ఆయనకు లేవని తేలింది. నూటయాభై ఏళ్ల తర్వాత జవాబు దొరికిందన్నమాట. రైల్వే ఉద్యోగాలకు చుక్కల్లో అంకెలు చదివిస్తారే, అది ఈ పరీక్షే, ఇషిహారా అనే జపాను డాక్టరు 1917లో అచ్చేసిన బొమ్మలు.

నాలుగోది మాట. ఇది నవ్వులాటగా తీసుకోకండి. మన తెలుగులో పచ్చ అంటే ఏ రంగు? పచ్చటి పొలం అంటే ఆకుపచ్చ, పచ్చకామెర్లంటే పసుపు, పచ్చటి మేలిమి బంగారం అంటే పసుపే. విడదీయాలంటే ముందు ఆకునో పసుపునో తగిలించుకోవాలి. నీలం ఎక్కడ ఆగి ఆకుపచ్చ ఎక్కడ మొదలవుతుందో ప్రకృతి గీత గీయలేదు, ఆ గీత మనిషి మనిషికీ అటూ ఇటూ జరుగుతుంది. మీ చీర సరిగ్గా ఆ గీత మీద కూర్చుంది. ఇద్దరికీ కనిపించేది దాదాపు ఒకటే అయ్యుండొచ్చు, పెట్టుకున్న పేరే వేరు. చీర పక్కన ఒక చిలకపచ్చ గుడ్డా, ఒక కృష్ణనీలం గుడ్డా పెట్టి దేనికి దగ్గరగా ఉందో చెప్పమనండి, తగాదా సగం తగ్గుద్ది.

2015లో ఒక గౌను ఫొటో ప్రపంచమంతా తిరిగింది, గుర్తుండే ఉంటుంది. కొందరికి నీలం నలుపు, కొందరికి తెలుపు బంగారం. అసలు గౌను నీలం నలుపే. ఆ ఫొటోలో వెలుతురు ఎట్టాంటిదో తెలిసే ఆధారం లేదు, నీడలో ఉందనుకున్న బుర్ర నీలాన్ని తీసేసి తెలుపు చూపించింది, పసుపు బల్బు కింద ఉందనుకున్న బుర్ర పసుపును తీసేసి నీలం చూపించింది. మన బుర్ర రోజంతా చేసే పనే అది, లేకపోతే తెల్లచొక్కా పొద్దున ఒక రంగు, మధ్యాహ్నం ఒక రంగు, సందెవేళ ఇంకో రంగుగా కనిపించి పిచ్చెక్కేది. సందెవేళంటే గుర్తొచ్చింది, ఈ రోజు పొద్దు గూకాక పెరట్లో మందారం చెట్టు దగ్గర నిలబడి చూడండి. ముందు పువ్వు నల్లబడుద్ది, ఆకులు ఇంకా వెలుగ్గానే ఉంటాయి. శంకు కణాలు పని దించి దండ కణాలకు అప్పజెప్పే వేళ అది, దండ కణాలకు ఎరుపు దాదాపు కనపడదు, 500 దగ్గరే వాటి బలం. పుర్కిన్యే అనే ఆయన 1825లోనే రాశాడు దీన్ని. అందుకే సందెవేళ ఎర్రచీర బేరం వద్దని నేను అందరికీ చెప్తా.

మీది ఒంగోలు కాబట్టి ఒక్క మాట చెప్పి అసలుకొస్తా, అడక్కపోయినా. గిత్తకు ఎర్రగుడ్డ చూపిస్తే రేగుద్దంటారు, ఉత్తదే. పశువులకు శంకు కణాలు రెండు రకాలే, ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా వాటికి సరిగా తెలీదు, గుడ్డ ఊపడానికే రేగుద్ది. ఇటు మా రొయ్యల వైపు వస్తే, రొయ్యకు దూరపు చుట్టం మాంటిస్ ష్రింప్ అని సముద్రంలో ఉంటుంది, దానికి రంగు పట్టే కణాలు పన్నెండు రకాలు. ఇంకేముంది మనకంటే నాలుగు రెట్లు రంగులు చూస్తుందనుకున్నారు, 2014లో పరీక్ష పెడితే దగ్గర దగ్గర రంగుల మధ్య తేడా మనకంటే అధ్వానంగా చెప్పింది. కణాలుంటే సరిపోదు, వాటిని పోల్చుకునే బుర్ర కూడా ఉండాలి.

ఇక మీరు చెయ్యాల్సింది. బ్లౌజు ముక్కను అప్పుడే తిరిగి ఇవ్వకండి. ముహూర్తం రాత్రి పూటేనని రాశారు. కల్యాణ మండపానికి ఫోన్ చేసి లోపల ఏం లైట్లో అడగండి, వీలైతే ఎవరినైనా చీర, ముక్క రెండూ ఇచ్చి పంపి ఆ లైట్ల కిందే చూడమనండి. తెల్ల ఎల్ఈడీలైతే షాపులో కలిసినట్టే అక్కడా కలవొచ్చు, మార్చాల్సిన పనే ఉండదు. పసుపు వెలుతురు బల్బులు ఎక్కువ పెడితే మళ్లీ విడిపోవచ్చు. పొద్దున పెళ్లికూతుర్ని చేసేటప్పుడు, భోజనాల దగ్గర కూడా ఆ చీరే కట్టుకుంటానంటే మటుకు ముక్క మార్చాల్సిందే. అప్పుడు చీర కొంగు పట్టుకుని పగలు పదకొండింటప్పుడు మ్యాచింగ్ సెంటరుకు పోండి, ముక్క బేరం అయ్యే ముందే రెండూ పట్టుకుని బయటికొచ్చి నీడలో ఒకసారి, లోపల లైటు కింద ఒకసారి చూడండి. రెండు చోట్లా కలిసిందే తీసుకోండి. దొరక్కపోతే నెమలి రంగు వెతకడం మానేసి రాణి రంగో బంగారు రంగో వెయ్యండి, ఎదురు రంగు ఎట్టాగూ కలవాల్సిన పని లేదు, ఏ లైటు కింద చూసినా ఎవరూ వంక పెట్టరు.

ఒకటి మాత్రం ముందే చెప్తున్నా, మీ కంటికి కలిసినా ఫొటోగ్రాఫర్ కెమెరాకు కలవకపోవచ్చు. కెమెరాలో ఉండే మూడు రంగుల జల్లెడలు మన శంకు కణాల్లాంటివి కావు, వాటి లెక్క వేరు. ఆల్బం వచ్చాక బ్లౌజు వేరే రంగులో కనిపిస్తే మళ్లీ నెల్లూరు షాపువాడి మీద పడకండి. కట్టుకోబోయే ముందు అదే మండపంలో ఫోన్‌తో కాకుండా ఆయన కెమెరాతోనే ఒక ఫొటో తీయించి చూసుకోండి.